నరసమ్మ మేడమ్, రోలర్ కోస్టర్, నా మెడ

చాతమ్ జెట్టీలో ఫెర్రీ బయలుదేరే ముందు, వాహనాలు ఎక్కే ఇనుప తలుపును గొలుసుతో పైకి లాగుతారు. ఇనుముకు ఇనుము తగులుతూ టక్, టక్, టక్‌మని ఒకే లయలో వచ్చే ఆ చప్పుడు వింటే చాలు, నా భుజాలు వాటంతటవే కిందికి జారతాయి, దవడ బిగువు సడలుతుంది, తల వెనక్కి ఆనుకోవడానికి చోటు వెతుక్కుంటుంది. మొన్న ఆఫీసు పని మీద బాంబూఫ్లాట్ వెళ్తుంటే, పక్కన నిలబడ్డ సహోద్యోగి కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది. "క్యా హువా దీదీ, కళ్లు తిరుగుతున్నాయా?" అంది. కాదని నవ్వాను. నరసమ్మ మేడమ్ గుర్తొచ్చారని చెప్పినా ఆ అమ్మాయికి తెలియదు. ఆమె ఉద్యోగంలో చేరేసరికి మేడమ్ లేరు. రోలర్ కోస్టర్‌ను ఎత్తు మీదికి లాగే గొలుసు కూడా సరిగ్గా ఇలాగే చప్పుడు చేస్తుందనీ, ఆ చప్పుడు వినబడినప్పుడు ఒళ్లు ఎలా పెట్టుకోవాలో నాకు అప్పటి మా సూపరింటెండెంటైన ఆ మేడమే నేర్పారనీ చెప్తే నమ్మేది కూడా కాదేమో.

ఆవిడ పూర్తి పేరు అప్పలనరసమ్మ. డెలానీపూర్‌లోని మా ఆఫీసులో హిందీవాళ్లకూ బెంగాలీవాళ్లకూ అంత పేరు నోరు తిరగక నరసమ్మ మేడమ్ అయ్యారు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ బడిపంతులుగా స్థిరపడ్డారట. ఆవిడ పుట్టడం, చదవడం, ఉద్యోగం అన్నీ పోర్ట్ బ్లెయిర్‌లోనే. నేను గుమాస్తాగా చేరేనాటికి ఆవిడకు యాభై దాటాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నోట్‌లో ఒక్క మాట అటూ ఇటూ అయినా ఫైలు తిరిగి మన బల్ల మీదికి వచ్చేది. అంతటి మనిషికి ఒక సరదా ఉంది. ప్రయాణ ఖర్చులు సర్కారే ఇచ్చే ఎల్‌టీసీ సెలవు దొరికితే మా ఆఫీసులో అందరూ తిరుపతికో కాశీకో వెళ్లేవారు. ఆవిడ మూడు రోజులు ఓడలో ప్రయాణం చేసి రోలర్ కోస్టర్లు ఎక్కడానికి వెళ్లేవారు. "ఈసారి దర్శనం ఎక్కడ మేడమ్?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "కొత్తది పెట్టారట, రెండు సార్లు తలకిందులు చేస్తాదట. దాని దర్శనమే" అని అంతే గంభీరంగా జవాబిచ్చేవారు. భర్త ఓడల్లో ఇంజన్ మెకానిక్. ఎంత తుఫానులోనైనా నిలబడే ఆ మనిషి, రోలర్ కోస్టర్‌కు మాత్రం గేటు బయటి నుంచే దండం పెట్టేవారట.

నాకు చిన్నప్పటి నుంచీ తలనొప్పి. బస్సెక్కితే తలనొప్పి, ఓడెక్కితే తలనొప్పి, ఎండలో పది నిమిషాలు నడిస్తే తలనొప్పి. మెడ దగ్గర మొదలై కణతల దాకా పాకేది. "దీన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేం" అన్నది మా ఇంట్లో నా గురించి తేలిపోయిన మాట. ప్రోతరాపూర్‌లో మా ఇంటి నుంచి డెలానీపూర్ ఆఫీసుకు బస్సులో వచ్చేసరికే సగం రోజు అయిపోయినట్టు ఉండేది. అదే బస్సు బతు బస్తీలో మేడమ్‌ను ఎక్కించుకునేది. సూపరింటెండెంట్ కదా అని నేను లేచి సీటిచ్చేదాన్ని. ఒకరోజు ఆవిడ కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి నన్ను పరీక్షగా చూశారు.

"ఏటమ్మా సుధా, ఎవరి మీదకి యుద్ధానికెళ్తన్నావు?"

నాకు అర్థం కాలేదు.

"నీ భుజాలు చూసుకో. చెవుల దాకా ఎక్కీసున్నాయి. బస్సు గుంతలో పడేది అరక్షణం. నువ్వేమో ఇంటి కాడినుంచే బిగుసుకుని కూకున్నావు. మరి మెడ లాగెయ్యదా?"

పక్క సీటు ఖాళీ అయింది. కూర్చుని, బస్సంతా వింటున్నా లెక్కచెయ్యకుండా నాకు కూర్చోవడం నేర్పడం మొదలుపెట్టారు. పాదాలు రెండూ నేలకు ఆనించాలి. నడుము సీటుకు తగలాలి. తల నిటారుగా ఉండాలి కానీ మెడ బిగించకూడదు. ఫోన్ సంచీలో పెట్టెయ్యాలి. "రోడ్డు వైపు చూడు. మలుపు నీ కంటికి ముందే తెలిస్తే నీ మెడకీ తెలుస్తాది. తెలీనప్పుడే అది అదిరిపోతాది. ఆరామ్ సే, ఊపిరి వదులు." పై అధికారి చెప్పారు కాబట్టి చేశాను తప్ప నమ్మకంతో కాదు. నెల గడిచేసరికి వారంలో రెండు మూడు రోజులు తలనొప్పి లేకుండా ఆఫీసులో అడుగుపెడుతున్నానని గమనించుకున్నాను. ఆ మాట చెప్పబోతే, "మిగతా రోజులు నీళ్లు తాగకుండా వస్తన్నావు, పెదాలు చూస్తే తెలుస్తంది" అని ఫైలులోంచి తలెత్తకుండానే అన్నారు.

మరుసటి ఏడు ఆవిడా, మా సెక్షన్‌లోనే పనిచేసే మేరీ దీదీ, నేను కలిసి చెన్నై ఓడెక్కాం. మా అమ్మ నన్ను సాగనంపుతూ మేడమ్‌తో, "దీన్ని అవన్నీ ఎక్కించకండమ్మా, తల పట్టుకుని కూర్చుంటుంది" అంది. "ఎక్కించనమ్మా, అదే ఎక్కుతాది" అన్నారు మేడమ్. పార్కుకు వెళ్లే రోజు పొద్దున ఆవిడ మా ఇద్దరికీ రెండేసి ఇడ్లీలు తినిపించారు. ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. గేటు దాటగానే అన్నిటికన్నా పెద్దదాని వైపు పరుగెత్తబోయిన మేరీ దీదీని ఆపి, ముందు చిన్నదాని దగ్గరికి నడిపించారు. క్యూలో నా వెనక నిలబడి నా ముడి విప్పేశారు. "ఇంత ముడి ఎనకాల పెట్టుకుంటే తల సీటుకి ఎలా ఆనుతాది? ముందుకి తోసేస్తాది. పక్కకి జడేసుకో." చివరి బోగీలో కూర్చుంటానన్న దీదీని మధ్యకు లాక్కొచ్చారు. వెనక బోగీ కొరడా కొసలా విసురుతుందట, మధ్యలో ఆ విసురు తక్కువట.

భుజాల మీదికి కడ్డీలు దిగాయి. గొలుసు మొదలైంది. టక్, టక్, టక్. నా గుండె అంతకన్నా గట్టిగా కొట్టుకుంటోంది. పక్కనుంచి మేడమ్ గొంతు తాపీగా వినిపిస్తోంది. "తల వెనక్కి ఆనించు. ఆనిందా? ఇంక తియ్యకు. పక్కకి చూడకు, కిందికి చూడకు, ఫోటో కోసం తిరగకు. పట్టా ఎటు పోతే అటే చూడు. పళ్లు బిగించావా? వదులు. ఊపిరి బిగపట్టకు, అరిచెయ్." అరవడానికి సిగ్గుగా ఉందన్నాను. "నువ్వు అరిచింది ప్రోతరాపూర్‌లో వినబడదు గానీ, అరిచెయ్" అన్నారు. అంతలో నేల లేకుండా పోయింది. అరిచాను. జన్మలో ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. దిగాక బెంచీ మీద కూర్చుని తలనొప్పి కోసం ఎదురుచూశాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. రాలేదు. "మేడమ్, రాలేదు" అన్నాను, రావలసిన బస్సు రానట్టు. ఆవిడ విరగబడి నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఆరేళ్లు నా తలను నేనొక గాజు సామాను మోసినట్టు మోసుకుని తిరిగానని అప్పుడు తోచింది.

రెండో రోజు సంగతి వేరు. హోటల్ దిండు ఎత్తు ఎక్కువై, లేచేసరికే మెడ ఒక పక్క పట్టేసింది. కణతలు కొట్టుకుంటున్నాయి. మేడమ్ నన్ను చూసి ఎంత సంతోషపడుతున్నారో తెలుసు కాబట్టి చెప్పలేదు. పెద్దదాని క్యూలో గంట నిలబడ్డాం. మరో పదిమంది వెళ్తే మా వంతు.

"తల నొప్పెడతందా?" అన్నారు మేడమ్.

"లేదు మేడమ్."

"సుధా."

"కొంచెమే మేడమ్. ఎక్కితే పోతుందేమో. ఇంత దూరం వచ్చి..."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, వెనక నిలబడ్డ గుంపునంతా తప్పిస్తూ క్యూ బయటికి నడిచారు. నాకు తల కొట్టేసినట్టయింది. నీడలో కూర్చోబెట్టి నీళ్ల సీసా ఇచ్చారు. నేను మొహం తిప్పుకుని కూర్చున్నాను. కాసేపయ్యాక తన కుడిచెయ్యి నా ముందు చాపారు.

"ఈ బొటనవేలూ, చూపుడువేలూ నాలుగు నెలలు నావి కావు, తెలుసా? నలభయ్యో ఏట మెడ నొప్పితోటే ఎక్కాను. మా ఆయనకి చెప్పలేదు. చెప్తే ఆపీస్తాడని. నేను కూడా ఇదే అనుకున్నాను, ఇంత దూరం వచ్చి, అని. దిగేసరికి చెయ్యి తిమ్మిరి. కలం పట్టలేకపోయాను. ఆపీసులో ఎడంచేత్తో సంతకం పెట్టడం నేర్చుకున్నాను."

నేను ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను.

"ఎక్కడం ఎవరైనా ఎక్కుతారమ్మా. నొప్పి ఉన్నప్పుడు ఉందని చెప్పడానికే నోరు రాదు. మరీ మన ఆడోళ్లకి. ఆ ఒక్కటీ నేర్చుకో, బస్, చాలు."

ఆ సాయంత్రం మేరీ దీదీ ఒక్కతే పెద్దది ఎక్కింది. మేడమ్ నాతోపాటు కిందే ఉండిపోయారు. నావల్ల ఆవిడ ఎక్కలేకపోయారని బాధపడితే, "రేపు ఎక్కుతాను, అదెక్కడికీ పోదు" అన్నారు. ఎక్కారు కూడా.

తరువాతి సంవత్సరం నాకు మాయాబందర్ బదిలీ వచ్చింది. ఇక్కడి నుంచి రోజంతా బస్సు ప్రయాణం, అడవి గుండా, మధ్యలో ఫెర్రీలు దాటుకుంటూ. బదిలీ ఆపమని అర్జీ రాసి మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. చదివి బల్ల మీద పెట్టారు. "తల నొప్పొస్తే సంతకం పెడతాను. తల నొప్పొస్తాదేమోనని భయమైతే పెట్టను. ఏది?" అన్నారు. రెండో దానికే సరిపోయింది నా సంగతి. అర్జీ వెనక్కి తీసుకున్నాను. కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ బస్సులో మధ్య సీటు చూసుకుని, పాదాలు ఆనించి, ప్రతి మలుపూ వచ్చేముందే చూసుకుంటూ మాయాబందర్ చేరాను. అక్కడ నాలుగేళ్లు పనిచేశాను. నా భర్త నాకు పరిచయమైంది అక్కడే. ఆవిడ సంతకం పెట్టి ఉంటే నా జీవితం ఇంకెలా ఉండేదో నాకు తెలియదు.

తిరిగి పోర్ట్ బ్లెయిర్ వచ్చేసరికి మేడమ్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. మెడ ఎముకలు అరిగాయని డాక్టరు ఎక్స్‌రే చూపించి, ఇక అలాంటివి ఎక్కవద్దని చెప్పారట. ఆ సంగతి ఆవిడే చెప్పారు, అధికారిక ఉత్తర్వు చదివి వినిపించినట్టు. అయినా ఆఖరి ఎల్‌టీసీకి మళ్లీ మేము ముగ్గురమే బయల్దేరాం. "నేను సామాన్లు కాస్తాను, మీరెక్కండి" అన్నారు. పార్కులో రెండు రైడ్ల దాకా అలాగే కాచారు. మూడోది కొత్తది. నల్లటి పట్టా ఆకాశంలోకి లేచి, మెలి తిరిగి, చెట్ల వెనక్కి దిగిపోతోంది. మేము మాట్లాడుకుంటూ క్యూలో నిలబడ్డాక చూస్తే, సంచులు మేరీ దీదీ భుజాన ఉన్నాయి. మేడమ్ నా ముందు నిలబడి ఉన్నారు. జుట్టు పక్కకు జడ వేసుకున్నారు.

ఆవిడ నాకు పై అధికారి. నాకన్నా పాతికేళ్లు పెద్ద. ఈ ఆఖరి సారి తరువాత ఆవిడ మళ్లీ సముద్రం దాటకపోవచ్చు.

"మేడమ్, మీరు వద్దు" అన్నాను.

"సూపరింటెండెంట్ నువ్వా, నేనా?"

"మీరే మేడమ్. పొద్దున పళ్లు తోముకుంటూ మూడుసార్లు చెయ్యి విదిలించుకున్నారు. చూశాను."

ఆవిడ నావైపు తిరగలేదు. క్యూ కదిలింది. ఒక అడుగు వేశారు. రెండో అడుగు వేయలేదు. తరువాత క్యూ గొలుసు తప్పించుకుని బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. నేనూ వెళ్లబోతే కసిరారు. "నువ్వెక్కడికి? ఎక్కు. నాకోసం చూసి రా. ఒక్క మలుపు కూడా వదలకుండా చెప్పాలి."

ఎక్కాను. భయపడడానికి తీరిక లేదు. ప్రతి మలుపూ గుర్తుపెట్టుకోవాలి కదా. దిగి వచ్చి ఆవిడ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. గొలుసు ఎంతసేపు లాగిందో, పైన ఒక్క క్షణం ఎలా ఆగిందో, సముద్రం ఎలా కనబడిందో. మేడమ్ కళ్లు మూసుకున్నారు. "ముందు ఎడమకి దిగింది మేడమ్" అన్నాను. ఆవిడ తల చాలా కొద్దిగా ఎడమకు వాలింది. "తరువాత మెలి." భుజాలు సడలాయి. "ఆ తరువాత?" అన్నారు. చెట్ల వెనక దిగింది చెప్పాను, ఒళ్లు తేలిపోయింది చెప్పాను. అంతా అయ్యాక కళ్లు తెరిచి, పమిటతో తుడుచుకుని, "మెలి కాడ నీ తల సీటు నుంచి లేచింది. కింద నుంచి చూశాను. మళ్లీ ఎక్కు" అన్నారు.

రిటైరైన రెండేళ్లకు ఆవిడ గుండె ఆగి చనిపోయారు, బతు బస్తీలోని ఇంట్లో, పట్టపగలు, కుర్చీలో కూర్చుని. వెళ్లి చూసినప్పుడు ఆ భుజాల్లో ఎక్కడా బిగువు లేదు.

రోలర్ కోస్టర్లు నేను ఇప్పటికీ ఎక్కుతాను, అంత తరచుగా కాకపోయినా. కానీ ఆవిడ నాకిచ్చింది అది మాత్రమే అనుకోను. పోయిన నెల డిగ్లీపూర్‌లో మా ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశం. బయల్దేరాల్సిన పొద్దున కణతలు కొట్టుకుంటూ లేచాను. అందరూ సిద్ధమైపోయారు, జీపు వాకిట్లో ఉంది. అలాంటప్పుడు మా ఇంట్లో ఏ ఆడమనిషీ నోరు తెరవదు. "నాకు ఇవాళ తలనొప్పిగా ఉంది. ఇప్పుడే ప్రయాణం చెయ్యను. రేపటి బస్సుకు వస్తాను" అన్నాను. క్షమాపణ చెప్పలేదు, గొంతు తగ్గించలేదు. మా ఆయన గడియారం వైపు చూశారు. అప్పుడు మా అత్తగారు, అప్పటికే జీపులో ఎక్కి కూర్చున్న మనిషి, సంచీ తీసుకుని మెల్లిగా కిందికి దిగారు.

"నాకూ మోకాళ్లు లాగేస్తన్నాయే, నిన్నటి నుంచీ" అన్నారు. "నేనూ రేపే వస్తాను."