లారీ తాత కంటి పరీక్ష

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. లారీ తాత పోయిన వారానికి లారీ ఆఫీసులో సంతాప సభ పెడితే ఆయన కళ్లు చారెడు దాటి చాటంత అయ్యాయి. "ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఎక్కడా ఒక్క గీత పడనివ్వని మనిషి!" అన్నాడు మేనేజరు మైకులో. ఆయన వెనక ఉన్న గోడకు నోరు లేదు కాబట్టి సరిపోయింది. తాత లారీని వెనక్కి తీస్తూ ఆ గోడను రెండుసార్లు కూల్చాడు. తర్వాత పెట్టిన ఇటుకలు కట్టుడు పళ్లలా ఇంకా తెలిసిపోతూనే ఉన్నాయి. ముందు వరసలో కూర్చున్న తాత కూతురు నవ్వు ఆపుకోలేక చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. చూసినవాళ్లు పాపం, దుఃఖం ఆగడం లేదనుకున్నారు.

"ఇంటిమీదే ప్రాణం పెట్టుకున్న మనిషి" అంటూ మరో డ్రైవరు అందుకున్నాడు. అప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

ఆమెకు తెలిసిన నాన్న పన్నెండు రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. వచ్చి, స్నానం చేసి, ఎనిమిది గంటలు గుర్రుపెట్టి, లేచి వెళ్లిపోయేవాడు. ఐదేళ్ల వయసులో ఒకసారి తలుపు తీసి, వంటింట్లోకి పరిగెత్తి, "అమ్మా, ఆ లారీ ఆయన మళ్లీ వచ్చాడు" అని చెప్పింది. ఆయనకు ఒకే ఒక్కసారి తండ్రి ప్రేమ పొంగుకొచ్చి కూతుర్ని బడి నుంచి తీసుకురావడానికి వెళ్లాడు. గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాడు. పాప ఆ బడి మానేసి పెద్ద బడికి మారి అప్పటికి రెండేళ్లయింది. ఇంటికొచ్చి తిట్టింది మాత్రం భార్యని, "నాకో మాట చెప్పొద్దూ?" అని.

ఆ ఇల్లాలు పోయిన మరుసటి ఏడాది మనవరాలు పుట్టింది. అసలు కంటే వడ్డీ ముద్దు అన్న సామెతకి ఆరోజు నుంచి కాళ్లూ చేతులూ వచ్చాయి. దూరం లోడ్లు మానేసి, ఊళ్లోనే ఇటుకలూ కంకరా తోలే బండికి మార్పించుకున్నాడు. మనవరాల్ని "ఓనరమ్మా" అని పిలిచేవాడు. ఏ రోజు లెక్కల పీరియడో, ఏ రోజు ఆటల పీరియడో ఆయనకు కంఠతా వచ్చు. కూతురు తనది ఏ క్లాసో చెప్పబోతే "సర్లే, బాగా చదువుకో" అన్న నోరే, మనవరాలి టీచరు దగ్గర చేతులు కట్టుకుని, "అమ్మా, మా ఓనరమ్మ ఎనిమిదో ఎక్కం దగ్గర ఎత్తు ఎక్కలేకపోతోంది. కాస్త సెకండ్ గేరులో చెప్పండి" అని వేడుకుంది.

కూతురు పనిచేసేది మందుల షాపులో. పొద్దున్నే వెళ్లి షట్టరు తీయాలి. అల్లుడు అంతకన్నా ముందే ప్రెస్సుకు పోతాడు. కాబట్టి పిల్లకు జడలు వేసే ఉద్యోగం తాతది. లోడు మీద టార్పాలిన్ కట్టే ముడి ఒక్కటే ఆయనకు తెలుసు. అదే వేశాడు. "గాలివానొచ్చినా ఊడదు" అన్నాడు. నిజంగానే ఊడలేదు. సాయంత్రం కూతురు, పక్కింటావిడ, ఇంకా ఆవిడ చెల్లెలు కలిసి గంటసేపు పెనుగులాడి చివరకు కత్తెర తెచ్చారు. పిల్ల జుట్టు చెవుల దాకా వచ్చేసింది.

"చూశావా," అన్నాడు తాత, కత్తిరించి పడేసిన జడను పైకెత్తి, "ముడి మాత్రం చెక్కు చెదర్లేదు."

పిల్లకు ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు కూతురికి షాపు సెలవు. తాత రోజూ పిల్లను బడికి దింపే లారీలో ఆరోజు తనూ ఎక్కింది. మధ్యలో కూర్చున్న పిల్ల, కాళ్లు ఊపుకుంటూ, ఆపకుండా ఏదో చెబుతోంది.

"ఎరుపు, తాతా. ఆగు. ఇప్పుడు పచ్చ. ఎడమ పక్క సైకిలు. ఇంకాస్త ఆగు, సంచీ పట్టుకుని ఒకావిడ దాటుతోంది. ఆ, పోనీ."

"ఏం ఆటే ఇది?" అంది తల్లి.

"ఆట కాదమ్మా. తాతకి దూరం కనిపించదు. మరీ దగ్గరా కనిపించదు. మధ్యలో బాగానే కనిపిస్తుందంట."

బడి వచ్చేదాకా తల్లి రెండు చేతులతోనూ డాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది. పిల్ల లోపలికి వెళ్లాక తండ్రివైపు తిరిగింది.

"నాన్నా, ఇంక దీన్ని తోలొద్దు."

"నాకు కనిపించకపోతేనేం, రోడ్డుకి తెలుసు నేనెవరో," అన్నాడాయన. "రెండు వారాల్లో లైసెన్సుకి కంటి పరీక్ష ఉంది. అందులో పాసైతే నోరు మూసుకుంటావా?"

ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాలుగు రోజులకు తెలిసింది. కూతురు బట్టలు ఆరేస్తుంటే కిటికీలోంచి తాతామనవరాళ్ల గొంతులు వినపడ్డాయి.

"మూడో లైను?"

"గ, ర, ద, ప."

"తాతా! ద కాదు, డ. మళ్లీ మొదట్నుంచి."

ఆ మధ్య కళ్లు ఎర్రబడితే పిల్లను, లైసెన్సు పరీక్ష చేసే కంటి డాక్టరు దగ్గరికే తీసుకెళ్లారు. ఇది అక్కడి చార్టునంతా నోట్‌బుక్కులో ఎక్కించుకొచ్చింది. ఎనిమిదో ఎక్కం రాని పిల్ల, ఏడు లైన్లూ తడుముకోకుండా అప్పజెప్పిస్తోంది. కూతురు తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మర్నాడు షాపు నుంచి తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"మా నాన్న వచ్చిన రోజు ఆ చార్టు తీసేసి వేరేది పెట్టండి డాక్టరుగారూ."

"సొంత తండ్రేనామ్మా?"

"అవునండీ. అందుకే చెబుతున్నా."

పరీక్ష రోజున తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, పెళ్లిచూపులకు వెళ్లినట్టు కుర్చీలో కూర్చున్నాడు. మనవరాలు పక్కనే బెంచీ మీద. డాక్టరు తెర తీశాడు.

"చదవండి."

తాత గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదటి లైను, రెండో లైను, మూడో లైనులో 'డ' మీద కాస్త ఒత్తి మరీ చెప్పాడు. డాక్టరు అడక్కుండానే కింది లైన్లకు దిగాడు. మధ్యలో అనుమానం రాకుండా ఒకచోట కళ్లు చికిలించాడు కూడా. కోరలు పీకిన పామైనా పడగ విప్పడం మానదు కదా.

"ఇంకా చిన్నవి ఏమైనా ఉన్నాయా?" అన్నాడు చివర్న, దర్జాగా.

"అయ్యా," అన్నాడు డాక్టరు మెల్లగా, "అక్కడున్నవి అంకెలు."

పిల్ల భోరుమంది. "తాతా, నేను తప్పు చెప్పలేదు! ఒట్టు!"

తాత చేత్తో తడుముకుంటూ దాని తల వెతికి పట్టుకున్నాడు. "నీ తప్పు కాదు ఓనరమ్మా. మనం బాగానే చదివాం. వీళ్లే మార్చారు."

కంటి వెనక నరం ఎండిపోయిందనీ, అద్దాలకూ ఆపరేషనుకూ లొంగదనీ డాక్టరు చెప్పాడు. లైసెన్సు పోయింది. కూతురితో తాత పదకొండు రోజులు మాట్లాడలేదు. చిన్నప్పుడు పన్నెండు రోజులు చూడకుండా ఉన్నదానికి ఇదో లెక్కా అనుకుని ఆమె కూడా పలకరించలేదు. పన్నెండో రోజు పొద్దున్నే ఆయనే అడిగాడు.

"నువ్వే చెప్పావా డాక్టరుకి?"

"నేనే."

"నా నోటి దగ్గర కూడు తీశావు."

"నా కూతురు ఆ లారీలో కూర్చుంటుంది నాన్నా."

"నువ్వు చిన్నప్పుడు ఒక్కసారైనా ఎక్కించమని అడిగావా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అడిగాను. లోడు ఉందన్నావు. ఏడుసార్లు అడిగాను. ఎనిమిదోసారి మానేశాను."

ఆమె చెప్పులేసుకుని పనికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం షాపు మెట్ల మీద తాత ప్రత్యక్షమయ్యాడు. పక్కన మనవరాలు.

"ఏంటి నాన్నా ఇక్కడ?"

"నిన్ను తీసుకెళ్దామని వచ్చా. రోడ్డు మీద లారీలు ఎక్కువయ్యాయి. ఆ డ్రైవర్లను నమ్మడానికి లేదు."

ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన ఆ లోడును ఆమె దించుకోనూ లేదు, వెనక్కి పంపనూ లేదు. "పద" అంది. తర్వాత నాలుగేళ్లు రోజూ వచ్చాడు. ఆమె షట్టరు దించేదాకా బెంచీ మీద కూర్చుని, దగ్గుకని వచ్చినవాళ్లకు నడుంనొప్పి మందులు చెప్పేవాడు. ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనగ్గా నడుస్తూ, "నాతోపాటే రా, కంగారుపడకు" అని ధైర్యం చెప్పేవాడు. ఒక్కోసారి ఆమెకు ఒళ్లు మండేది. ఒక్కోసారి కావాలని చుట్టుదారిన తీసుకెళ్లేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. మనవరాలు పేపరు చదివి వినిపిస్తోంది. పన్నెండేళ్ల పిల్ల, రెండు పేజీలు గుక్క తిప్పుకోకుండా చదివింది. లోపల్నుంచి వచ్చిన తల్లి గడపలోనే ఆగిపోయింది.

"ఎంతసేపయిందే నువ్వు చదవడం మొదలుపెట్టి?"

"అరగంట. ఇవాళ తాత అస్సలు అడ్డు రాలేదమ్మా. బుద్ధిగా వింటున్నాడు."

ఆ మనిషి జన్మలో ఎవర్నీ రెండు వాక్యాలు పూర్తి చేయనివ్వలేదు. కూతురు వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. పేపరు మడిచి పక్కన పెట్టమని పిల్లకు చెప్పలేక, "ఇంకొంచెం చదువు" అంది.