ఎత్తి పోసుకున్న మందు

మా అమ్మ గ్లాసు అంచు పెదవికి తగిలించి నీళ్లు తాగడం నేనెన్నడూ చూడలేదు. ఎత్తి పోసుకోవలసిందే. చిన్నప్పుడు తను కొరికిన జామకాయ కోసం నేలమీద పడి దొర్లినా నాకు పెట్టలేదు. ఎంగిలంటే ఆవిడకంత పట్టింపు.

అలాంటి మనిషికి ఉబ్బసం వచ్చింది. గుడివాడ డాక్టరమ్మ నోట్లోకి పీల్చే పంపులు రెండు రాసిచ్చారు. నెలన్నర వాడినా పిల్లికూతలు తగ్గలేదు. అమ్మకేమో మాఘ పౌర్ణమికి పాలకాయతిప్ప వెళ్లి, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట మునగాలని కోరిక. ఆ ఇసుకలో అంతదూరం ఎలా నడుస్తుంది? నాకు దిగులు పట్టుకుని మళ్లీ గుడివాడ తీసుకెళ్లాను.

"డోసు పెంచేముందు, ఎలా పీలుస్తున్నారో చూపించండి మామ్మగారూ," అన్నారు డాక్టరమ్మ.

అమ్మ దర్జాగా తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. పంపుని జానెడు ఎత్తున పట్టుకుని, మరచెంబుతో నీళ్లు పోసుకున్నట్టు నొక్కింది! మందంతా గాల్లో కలిసింది. ఇన్నాళ్లూ దాన్ని మా ఇంటి దోమలు పీల్చాయన్నమాట. నాకు నవ్వాగలేదు, డాక్టరమ్మకీ ఆగలేదు.

"పెదాలతో గట్టిగా పట్టుకోవాలండీ. ఈ నీలం పంపు బిగుసుకున్న ఊపిరిగొట్టాల్ని అప్పటికప్పుడు వదులు చేస్తుంది. ఈ రెండోది లోపలి వాపు మెల్లిగా తగ్గిస్తుంది. ఆయాసం లేకపోయినా రోజూ పీల్చాలి. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోరు పూస్తుంది."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఆ పుక్కిలించే మాట ముందే చెప్పొద్దుటమ్మా! ఇది ఆచారం తెలిసిన మందే."

ఇక చూడాలి ఆవిడ శ్రద్ధ. పూజ తప్పినా పంపు తప్పలేదు. కూతలు సన్నగిల్లాయి, మెట్లెక్కడం మొదలైంది.

పౌర్ణమినాడు ఇసుకలో అమ్మ ముందు, తడిబట్టల సంచీ మోస్తూ నేను వెనక. కాసేపటికి మోకాళ్లమీద చేతులు పెట్టుకుని రొప్పుతూ ఆగిపోయాను. అమ్మ వెనక్కి తిరిగింది.

"ఏరా, ఆయాసమా?" అంటూ గబగబా వచ్చి, కొంగుతో నీలం పంపు మూతి తుడిచి నా నోటి దగ్గర పెట్టింది. "పీల్చు నాన్నా. నా ఎంగిలేలే, ఏం కాదు."

నాకు ఉబ్బసమూ లేదు, పాడూ లేదు. ఉన్నదల్లా పొట్ట. అయినా యాభై ఏళ్లొచ్చాక అమ్మ నాకు తన ఎంగిలి ఇవ్వబోయింది. ఇసుకలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.