దగ్గరికొచ్చి చదివే అక్షరం

మా చిన్నమ్మ పోయిందన్న వార్త నాకు ఆమె అక్షరాల్లోనే వచ్చింది. పొద్దున్నే ఫోన్ తెరిస్తే అక్క భర్త, మా బావ పెట్టిన స్టేటస్ కనిపించింది. ఆమె ఫొటో, రెండు పక్కలా దీపాలు, కింద పేరు. ఆ పేరుకు వాడిన ఫాంటు ఆమె చేతిరాతే. సన్నని ఆ రాతను లావు చేసి, ఎరుపు నింపి, పసుపు అంచు కట్టి, వెనక నీడ కూడా తగిలించారు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉంది.

శామీర్‌పేట చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లి కుదిరినా శుభలేఖ మీద పేర్లు రాయించుకోవడానికి చిన్నమ్మ దగ్గరికే వచ్చేవారు. ఆమె రాసిన కాగితాన్ని చూసి ప్రెస్సులో అచ్చు తీసేవారు. కలం పట్టే ముందు ఆమె తప్పకుండా ఒక మాట అడిగేది. "పోరిని ఇంట్ల ఏమని పిలుస్తరు?" కార్డు మీద ఉండేది బడిలో పేరే. అయినా ఇంటి పిలుపు తెలిస్తేగానీ రాసేది కాదు. ఆ పిలుపును రెండుసార్లు తనలో తాను అనుకుని, అప్పుడు మొదలుపెట్టేది. ఇక పొయ్యి మీద పాలు పొంగినా లేచేది కాదు. చిన్నాయన ఎన్నోసార్లు గిన్నె దించి గొణుక్కోవడం నేను చూశాను.

ఆమె అక్షరాల్లో తలకట్టు తగిలీ తగలనట్టు ఉండేది. కొమ్ము కొద్దిగా సాగి, పక్క అక్షరం భుజం మీద చెయ్యి వేసినట్టు ఆగేది. గీత ఎక్కడా తెగేది కాదు, ఎక్కడా బరువెక్కేది కాదు.

నేను సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక ప్రెస్సులో కంప్యూటర్ మీద పేజీలు కడతాను. మా దగ్గరికి వచ్చే ఫాంట్లు చేసే ఆయన ఒకరు చిన్నమ్మ రాత చూసి, దాన్ని ఫాంటుగా చేస్తానని అడిగితే, ఆమె సంతోషంగా ఒప్పుకుంది. "నా చెయ్యి వణుకుతాంది బిడ్డా. ఇగ పిల్లల పేర్లు గిదే రాస్తది," అంది. ఆయన ఒక్కో అక్షరం ఒక్కసారి రాస్తే చాలన్నాడు. చిన్నమ్మ వినలేదు. "ఒక్క పేర్ల రెండు 'మ'లు వస్తె రెండు ఒక్కతీర్గ ఉంటయా? మనిషి రాసినట్టుండాలె," అని ప్రతి అక్షరం మూడు రకాలుగా రాసి ఇచ్చింది. చివరికి పెట్టిన షరతు ఒక్కటే. "గిది దగ్గరికొచ్చి సదివెటోల్లకు. రోడ్డు మీద ఉరికెటోల్లకు గాదు." పెళ్లికార్డు మీద పేరు, తొట్టెల పండుగ పిలుపు, పుస్తకం మొదటి పేజీలో అంకితం. అక్కడిదాకే.

ఎవరు విన్నారు? బౌరంపేట్‌లో వెంచర్ల గేట్లకు నల్లరాయి మీద చెక్కారు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకు సాగదీశారు. చికెన్ సెంటర్ బోర్డుకు కూడా వాడారు. ఆమె కష్టపడి రాసిన మూడు రకాల్లో రెండింటిని ఎవరూ ముట్టుకోలేదు. దానికి ఒక్క సెట్టింగ్ నొక్కాలి. అంత ఓపిక ఎవరికీ లేదు. ఒకసారి బస్సులోంచి అలాంటి ఫ్లెక్సీ చూసి చిన్నమ్మ నవ్వింది. "సన్నగున్నదని బువ్వ కుక్కి కుక్కి పెట్టిండ్రు," అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

దశదినకర్మ రోజు చిన్నమ్మ ఇంటికి వెళ్తే గల్లీ మొదట్లోనే ఫ్లెక్సీ. స్టేటస్‌లో ఉన్నదే, గోడంత ఎత్తున. ఆమె చివరి కార్యానికి కూడా ఆ ఒక్క మాట మన్నించలేకపోయారు. నేను బావను అందరి ముందే నిలదీశాను.

"ఏంది మరదలా," అన్నాడు బావ. "గంత సన్నగుంటె ఎవలికి కనవడ్తది? కరీంనగర్ రోడ్డు మీదికెల్లి వచ్చెటోల్లకు తెల్వాలె గదా."

"కనవడకపోతె బండి దిగి వస్తరు బావా. చిన్నమ్మ గదే చెప్పింది, నీ ముందల్నే చెప్పింది."

బావ ఇంకేదో అనబోయాడు. అంతలో అక్క స్తంభం దగ్గరికి వెళ్లి తాడు ముడి విప్పింది. కిందపడ్డ ఫ్లెక్సీని తిరగేసి వంటవాళ్లు ఉల్లిగడ్డలు కోసుకోవడానికి పరుచుకున్నారు. నాకు ఏమీ బాధ కలగలేదు.

నేను అమ్మ పక్కన కూర్చుని అడిగాను. "చిన్నమ్మను చిన్నగున్నప్పుడు ఇంట్ల ఏమని పిలిచెటోల్లు?" అమ్మ చాలాసేపు ఏడ్చి, తర్వాత చెప్పింది. "బుజ్జవ్వ అనెటోల్లం."

ఆ పిలుపును రెండుసార్లు అనుకున్నాను. ల్యాప్‌టాప్ తెరిచి చిన్నమ్మ పూర్తి పేరు కొట్టాను. అందులో రెండు 'మ'లు ఉన్నాయి. రెండింటికీ వేరువేరు రూపాలు ఎంచాను. కింద చిన్నగా 'బుజ్జవ్వ' అని పెట్టాను. అంచు లేదు, నీడ లేదు. శుభలేఖంత కాగితం మీద అచ్చు తీయించి, నాలుగు మూలలా పసుపు పెట్టి గేటుకు అతికించాను. చావింట్లో పసుపేమిటని ఎవరో అన్నారు. అననిచ్చాను.

సాయంత్రం దాకా వచ్చినవాళ్లంతా గేటు దగ్గర ఆగి, వంగి చదివి, లోపలికి వచ్చారు. అందరూ వెళ్లిపోయాక బావ ఒక్కడే అక్కడికి వెళ్లాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, ముఖం కాగితానికి ఆనేంతగా వంగాడు. కింది పేరు దగ్గర ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.