నాయన చూపు ఆగిన చోట

నాయనకు వచ్చింది నరాల జబ్బు. ముందు నాలుక మొద్దుబారింది, తర్వాత వేళ్లు, ఆ తర్వాత మెడ. కళ్లు మాత్రం మిగిలాయి. మేం ఆయనతో మాట్లాడేది ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుతో. దాని అంచుల వెంట ఎనిమిది మాటలు, ఇటు నుంచీ అటు నుంచీ చదవగలిగేలా, రెండు వైపులా అంటించాను. నడుమ ఖాళీ. షీటును ఆయన ముఖానికీ మన ముఖానికీ మధ్య పట్టుకుని, ఆ ఖాళీలోంచి కళ్లలోకి చూడాలి. ఏ మాట మీద చూపు ఆగితే దాన్ని పైకి చదవాలి.

వికారాబాద్‌లో స్పీచ్ థెరపీ మేడమ్ మొదటి రోజే, “ఈ శిక్షణ మీ నాన్నగారికి కాదు, మీకు,” అంది. ఎదురుగా కూర్చోవాలి. ఒకసారికి ఒకటే ప్రశ్న. జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆయన చెప్పబోయేది మనం పూర్తి చేయకూడదు. చెప్పింది చెప్పినట్టే పైకి అనాలి, మనకు నచ్చకపోయినా సరే. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. నియమాలంటే నాకు ఇబ్బంది లేదు. తాండూరుకు తిరిగి వచ్చేటప్పుడు రైల్లోనే మాటలు ఎంచాను: నీళ్లు, నొప్పి, పక్క మార్చు, ఫ్యాను, అవును, కాదు, పో. ఎనిమిదో మాట అమ్మ చెప్పింది.

“మీ నాయన తిట్టకుంట ఎప్పుడన్న మాట్లాడిండా? ‘తిట్టు’ అని పెట్టు.”

ఇద్దరం నవ్వుకున్నాం. పెట్టాను.

అమ్మా నేనూ నేర్చుకున్నాం. చూడటానికి వచ్చినవాళ్లు నేర్చుకోలేదు. చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా అరిచేవాళ్లు, ఆయన ఎదురుగానే “తింటుండా?” అని అమ్మను అడిగేవాళ్లు. మెల్లగా రావడం మానేశారు. చివరికి నాయన దోస్తు చాచా ఒక్కడే మిగిలాడు. ఆయన కూడా మానేస్తే నాయనకు మాట్లాడటానికి ఈ ఇంటి బయట మనిషి ఉండడు.

చాచా, నాయన ఒకే నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేశారు. మిషన్ మోతలో, బండ మీద తెల్లటి నీళ్లు పారుతుంటే, ఇద్దరూ ఆ బండనే చూస్తూ రోజంతా అరుచుకునేవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడే అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడూ చాచా మంచం పక్కన కూర్చుని గోడతోనే యూనిట్ సంగతులు చెప్పేవాడు. మధ్యలో ఒకసారి నాయన వైపు తిరిగేవాడు, అంతే, రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. షీటు ఇవ్వబోతే, “నాతోని గాదు బేటా. వాని కండ్లల్ల చూస్తే నాకు పానం ఆగది,” అనేవాడు.

ఒక శుక్రవారం నమాజు చదువుకుని వచ్చి, మళ్లీ అలాగే ఏడ్చాడు. నాయన నన్ను చూసి, షీటు వైపు చూశాడు. ఎత్తి పట్టుకున్నాను.

పో.

“చాచాను పొమ్మంటున్నవా?”

అవును.

‘నాయన అలసిపోయిండు’ అంటే సరిపోయేది. కానీ నాయన అన్నది అది కాదు.

“చాచా, నాయన నిన్ను పొమ్మంటున్నడు.”

“వాడా, నువ్వా?”

“నాయననే.”

చాచా నా చేతిలోంచి షీటు గుంజుకున్నాడు. స్టూలు ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. “ఏంరా, ఇన్నేండ్లు నీ తిట్లు తిన్నందుకు గిదా ఇనాం? పోరనితోని చెప్పుడు గాదు, నాతోని చెప్పు.”

నాయన చూపు కదిలింది. “పో,” అని చాచాయే చదివాడు. “పోను. ఏం జేస్తవ్?”

చూపు కింది మూలకు జారింది.

“గిది తిట్టు అనున్నది. ఏం తిట్టు?”

“అది నీకే తెల్వాలె చాచా. పైకి అనాలె.”

చాచా స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత అచ్చం నాయనలాగే, చివరి అక్షరం సాగదీస్తూ అరిచాడు: “దున్నపోతా! బండ మీద చెయ్యేసి నిద్రవోతున్నవా?”

వంటింట్లోంచి అమ్మ తడి చేతులతో పరుగున వచ్చింది. మంచం వైపు చూసింది. చాచా వైపు చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

నాయన ఛాతీ అదిరింది. నవ్వో ఏడుపో నాకు తెలీదు. ఆ రెండూ షీటు మీద లేవు.

అప్పటి నుంచి చాచా ప్రతి శుక్రవారం ఎదురుగానే కూర్చుంటున్నాడు. ఏడుస్తాడు, కానీ షీటు పక్కన పెట్టడు. ఈ మధ్య నాయన కళ్లు అంచుల దాకా పోవడం లేదు. వచ్చే నెల మళ్లీ వికారాబాద్ వెళ్లాలి. ఎనిమిది కాకుండా రెండే మాటలతో ఏమైనా చేయొచ్చేమో అడగాలి.

మొన్న చాచా యూనిట్ కబుర్లన్నీ అయ్యాక షీటు ఎత్తి, “ఇగ పోవాల్నా?” అని అడిగాడు. నాయన చూపు నడిమి ఖాళీలోనే, చాచా ముఖం మీదే ఉండిపోయింది. బయట చీకటి పడుతోంది. నేను గుమ్మం దగ్గర నుంచి గడియారం చూశాను.

“మీ కోట్‌పల్లి ఆఖరి బస్సు పోతది చాచా,” అన్నాను.

“వాడు చెప్పలే గద,” అన్నాడు. షీటు దించలేదు.