నలుగురికి ఒకే హీరో డ్రెస్సు

2023 ఫిబ్రవరి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి పోటెత్తే రోజులు. యార్డు గేటుకు కాస్త దూరంలో, రోడ్డు మీదే నా టైలర్ దుకాణం. జాకెట్లు, లంగాలు, బడి యూనిఫారాలు తప్ప వేరే పని ఎరగను. ఒక మధ్యాహ్నం హమాలీ సమ్మయ్య వచ్చి మూడు పాత చొక్కాలు, ఒక పాత జాకెట్టు బల్ల మీద పెట్టాడు. వీటిని మేం 'ఆది' అంటాం. ఒంటికి సరిపోయిన పాత బట్టను కొలిచి కొత్తది కుడతాం.

"అక్కా, సూపర్‌హీరో డ్రెస్ కుట్టాలె. తలకు మాస్కు, ఎనుక రెక్క, అన్నీ ఉండాలె. ఒక్కటి."

"నాలుగు ఆదులు తెచ్చి ఒక్కటంటవేంది?"

"నలుగురం మార్చుకుంట ఏసుకుంటం. ఎవలికి పని లేకుంటె ఆ పూట వాళ్లే హీరో."

నేను నవ్వాను, అతను నవ్వకుండా సంగతి చెప్పాడు. బడి పిల్లలు రోడ్డు దాటే చోట లారీలు ఆగవు. లుంగీ కట్టుకున్న హమాలీ చెయ్యెత్తితే హారన్ కొట్టి పోతారు. ఒకసారి ఏదో దుకాణం ప్రారంభానికి సమ్మయ్య అద్దె వేషంలో కాగితాలు పంచుతుంటే, చూడ్డానికే డ్రైవర్లు బండ్లు ఆపారట.

నేను అక్షరాలు రాయడం నేర్చుకుంటున్న రోజులవి. కొలతల పక్కన పేర్లు రాయబోతే అతను ఆపాడు.

"పేర్లొద్దక్కా. మేమే అని తెలిస్తె మళ్ల హారన్ కొడ్తరు."

జాకెట్టు మాత్రం ఎవరిదని అడిగాను. యార్డులో మిర్చి తొడిమలు తీసే స్వరూపది. ఆమె ఏడేళ్ల కూతురు అక్షితను ఆ రోడ్డు మీదే బండి గుద్దింది. కాలు నయమైంది కానీ, పిల్ల రోడ్డు చూస్తే బిగుసుకుపోతోంది. బడి బందయింది.

లైక్రా, అంటే నాలుగు వైపులా సాగే బట్ట, తెచ్చాను. అందరికన్నా పొడుగు సమ్మయ్య. అతని కొలతకే కత్తిరించి, మణికట్టు దగ్గర, చీలమండ దగ్గర ఎలాస్టిక్ వేశాను. పొట్టివాళ్లు పైకి లాక్కుంటే నిలుస్తుంది. మిర్చి ఘాటు చెమటతో కలిస్తే ఒళ్లు మండుతుంది కాబట్టి లోపల కాటన్ లైనింగ్ వేశాను. భుజాల నుంచి వేలాడే రెక్కను నడుము దాకే ఉంచి టిచ్ బటన్లు పెట్టాను. లారీకి చిక్కుకుంటే ఊడి వస్తుంది.

ట్రయల్‌కు స్వరూప కూతురిని వెంట తెచ్చింది. తల్లి మాస్కు తొడుక్కోగానే అక్షిత నా మిషను వెనక దాక్కుంది.

"నేనే బిడ్డా."

"కాదు! మా అమ్మ గొంతు గుంజుకున్నవ్!"

స్వరూప నా పక్కన కూలబడింది. "అక్కా, నా జడ బయటికి తియ్యి. జడ చూస్తె గుర్తుపడ్తది."

సమ్మయ్య ఒప్పుకోలేదు. "ఆడమనిషని తెలుస్తది. లారోళ్లు ఎక్కిరిస్తరు."

"ఎక్కిరించనీ. చూడనీకె గదా ఆపేది? ఎక్కిరియ్యాల్నన్నా ఆపాలె."

కుట్టు పూర్తయిన మాస్కుకు మళ్లీ కత్తెర పెట్టడం నాకు మనసొప్పలేదు. అయినా వెనక చీల్చి, దాని మీద మూతలా చిన్న ఫ్లాప్ కుట్టాను. మిగతా ముగ్గురూ దాన్ని మూసుకోవచ్చు.

మర్నాడు పొద్దున కుట్టుపని వదిలి గడపలో నిలబడ్డాను. స్వరూప ఆ వేషంలో, జడ బయటికి వేసుకుని, రోడ్డు మధ్యకు వెళ్లి చెయ్యెత్తింది. మిర్చి లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ తల బయట పెట్టి, "ఏ హీరోవే అమ్మా నువ్వు?" అన్నాడు.

"దిగొచ్చి చూడు. అంతల పిల్లలు దాటుతరు."

పిల్లలు దాటారు. అందరికన్నా వెనక అక్షిత, తల్లి జడ కొస రెండు చేతులా పట్టుకుని, అవతలి గట్టు దాకా.

వేషం అంటే మనిషిని పూర్తిగా దాచేదే అనుకుని ఆ మాస్కు కుట్టాను. ఆది బట్ట ఒంటి కొలతే చెబుతుంది. కొత్త బట్టలో ఎవరి కంటికి కనపడాలో మనిషినే అడగాలి. ఇప్పుడు జాకెట్టు కొలిచేటప్పుడు కూడా అడుగుతున్నాను, "ఇది ఎవలు చూడాలె నీ మీద?" అని. చాలామంది నవ్వుతారు. కొందరు మాత్రం గొంతు తగ్గించి చెబుతారు.