కవరులో వెళ్ళిన చీర

నీళ్ళు చల్లిన నూలు బట్ట మీద ఇస్త్రీపెట్టె నడిస్తే ఒక వాసన వస్తుంది. ఈ పొద్దున నా పాత జాకెట్ ఇస్త్రీ చేస్తుంటే అదే వాసన వచ్చింది. కోరుట్లలో సుగుణక్క దుకాణం ఎప్పుడూ ఆ వాసనతోనే ఉండేది.

సుగుణక్క పుట్టిల్లు సిరిసిల్ల. కోరుట్లలో బట్టలు కుట్టేది. నేతలో చిన్న లోపం వచ్చి అమ్ముడుపోని చీరలను, అక్కడ మరమగ్గాలు నడిపే ఆమె అన్నదమ్ములు ఆమెకు ఇచ్చేవారు. వాటికి ఫాల్ వేసి, సరిపడే జాకెట్ కుట్టి, ఉద్యోగం అడగడానికి వెళ్ళే పేద ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చేది. పెళ్ళికని అడిగితే ఇచ్చేది కాదు. ఇచ్చింది తిరిగి తీసుకునేదీ కాదు. ఎందుకిలా చేస్తావని నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

అప్పుడు నేను కథలాపూర్ దగ్గర పసుపు పనికి పోయేదాన్ని. భర్త చనిపోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. పసుపు పని అయిపోతే నెలల తరబడి ఖాళీ. జగిత్యాలలో ఒక ప్రైవేటు దవాఖానకు ఆయాలు కావాలని తెలిసి సుగుణక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె టేపు చుట్టి కొలత తీసుకుంటూ నవ్వింది.

"ఎముకలకు కుడుతున్ననా, మనిషికి కుడుతున్ననా?"

"ఉన్నదే గింత ఒళ్ళు అక్కా."

"లోపల రెండు వేళ్ళంత బట్ట ఇడుస్తున్న. నౌకరొస్తే కడుపునిండ తింటవు. గప్పుడు కుట్లు ఇప్పుకో."

బూడిద రంగు చీర, ముదురు నీలం జాకెట్. అంత మంచి బట్టలు అంతకుముందు నాకు లేవు. బస్సులో నలుగుతాయని పాత చీరతోనే బయలుదేరి, కొత్తవి కవరులో పెట్టుకున్నాను. అక్కడికి వెళ్ళాక మార్చుకోవచ్చనుకున్నాను. దవాఖాన గుమ్మంలో ఒకాయన నా పసుపు చేతులను, కవరును చూశాడు.

"పేషెంట్ తోటి అచ్చినవా? అవుతల కూసో."

కాదని చెప్పడానికి నోరు రాలేదు. కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చిన ఆడవాళ్ళను ఒక్కొక్కరిగా లోపలికి పిలిచారు. మధ్యాహ్నం ఆయన తలుపు మూస్తుంటే ఆయా పని గురించి అడిగాను. కావలసినవాళ్ళను తీసుకున్నామన్నాడు.

కోరుట్లలో దిగి జరిగింది చెప్పాను. సుగుణక్క కవరు విప్పింది. మడత కూడా చెదరలేదు.

"చీరెను నౌకరికి తోలుకపోయినవా? మరి దానికన్న అచ్చిందా?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. మర్నాడు పొద్దున్నే రమ్మంది. ఆ చీర కట్టించి దుకాణం ఊడిపించింది, కూరగాయలకు పంపింది, స్టవ్ ముందు కూర్చోబెట్టి చాయ పెట్టించింది. కుచ్చిళ్ళ మీద చాయ చిందింది. నేను నీళ్ళ కోసం లేచాను.

"కూసో. చాయ తాగు."

"మరక పడుతది అక్కా!"

"పడనియ్యి. చీరెకే గింత భయపడితే, గా దవాఖానాయనతోటి ఏం మాట్లాడుతవు?"

పది రోజులకు ఆ దవాఖానలో ఒక ఆయా మానేసిందని తెలిసింది. ఈసారి ఇంటి దగ్గరే ఆ చీర కట్టుకుని, నిలబడే చోటు లేని బస్సెక్కాను. గుమ్మంలో అదే మనిషి. అతను నోరు తెరవకముందే, "పని కోసమచ్చిన సారు" అన్నాను. లోపలికి రమ్మన్నాడు.

మందుల డబ్బాలు చూసి చూసి, నలభై దాటాక ఆ దవాఖానలోనే అక్షరాలు నేర్చుకున్నాను. మొదటిసారి నా పేరు రాసి చూపిస్తే సుగుణక్క కళ్ళద్దాలు పైకి జరిపింది. "లైను వంకర వోయింది. కుట్టయితే ఇప్పిస్తుంటి" అంది. ఆ కాగితాన్ని మాత్రం మిషన్ డ్రాయరులో పెట్టుకుంది.

ఆమె ఇప్పుడు లేదు. ఆ దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నేను కొత్త చీర కొంటే ఆ రోజే కట్టుకుంటాను.

ఆమె కుట్టిన ఆ నీలం జాకెట్ కుట్లు ఇదివరకు ఒకసారి విప్పాను. నిన్న చివరి వరుస కూడా విప్పాను. ఉతికి ఉతికి బయటి బట్ట వెలిసిపోయింది. లోపల దాగిన పట్టీ మాత్రం ఆనాటి ముదురు నీలంలోనే ఉంది. రెండు పక్కలా గీతల్లా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. దాన్నే తొడుక్కుని డ్యూటీకి వచ్చాను.