బోధన్‌లో దొరికిన కంప్రెసర్

ఉదయం ఏడు దాటాక కాచిగూడలో కదిలిన రైలులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో సంచి, సంచిలో ఒక పాత దుప్పటి, స్క్రూడ్రైవరు. బోధన్‌లో ఒక పాత కంప్రెసర్ ఉందని తెలిసింది. దాన్ని దుప్పట్లో చుట్టి భద్రంగా తెచ్చుకోవాలని నా ఆలోచన.

ఎదురు సీట్లో మోర్తాడ్ పసుపు రైతు కూర్చున్నాడు. హైదరాబాద్‌లో బిడ్డను చూసి ఇంటికి పోతున్నాడట. "కంప్రెసర్ అంటే ఫ్రిజ్‌దా, పంక్చర్ దుకాణంలదా?" అని అడిగాడు.

రెండూ కాదన్నాను. పాట రికార్డు చేసేటప్పుడు డోలక్ దెబ్బలన్నీ ఒక్కలా పడవు. బేస్ గిటారూ అంతే, ఒక స్వరం ఉరుముతుంది, పక్కది వినిపించదు. గట్టిగా పడ్డదాన్ని అణిచి, మెత్తగా పడ్డదాన్ని పైకి తెచ్చే పెట్టె ఇదని చెప్పాను.

ఆయన తలూపాడు. "అంటే ఒర్రెటోని నోరు మూపిచ్చి, మెల్లగ మాట్లాడెటోన్ని లేపుతది. గట్లాంటిది మా గ్రామసభల ఒకటి పెడితే మంచిగుంటది."

నేను స్టూడియో నడపబట్టి పన్నెండేళ్లు. కంప్రెసర్ గురించి ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను.

ఈ ప్రయాణం ఎందుకో కూడా చెప్పాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న ప్రతివాడూ స్టూడియో పెట్టేశాక నా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. కిందటి నెల ఒక కుర్రాళ్ల బృందం వచ్చి, ఆల్బం మొత్తం నా దగ్గరే చేస్తామంది. షరతు ఒక్కటే. డోలక్, బేస్ వాళ్లు తెచ్చిన పాత క్యాసెట్టులోలా వినిపించాలి. నిజామాబాద్‌లో ఎప్పుడో రికార్డయిన జానపదాలు అవి. డోలక్, బేస్ రెండూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నడిచినట్టుంటాయి. నా సాఫ్ట్‌వేర్లన్నీ ప్రయోగించినా ఆ నడక రాలేదు. క్యాసెట్టు అట్ట మీద మాత్రం ఒక పెట్టె ఫొటో ఉంది, కింద "విదేశీ వాల్వు యంత్రంపై రికార్డు చేయబడినది" అని ఉంది. ఆ పెట్టె కంప్రెసరేనని గుర్తుపట్టి, దాన్నే తెస్తానని మాటిచ్చేశాను. రికార్డింగ్ శనివారం. నేను రైలెక్కింది బుధవారం.

పదిన్నరకు నిజామాబాద్‌లో దిగి, ఆటోలో బస్టాండుకు చేరాను. దారంతా పసుపు బస్తాల లారీలు. బోధన్ బస్సుకు ఎక్కువసేపు ఆగక్కర్లేదు, ఒకటి పోతే ఒకటి వస్తుంది. చక్కెర ప్రాంతం కదా అని కిటికీలోంచి చెరుకు కోసం చూశాను. అంతా వరే. కండక్టరును అడిగితే, "చెరుకు సూడాలంటే బస్టాండ్ల జ్యూస్ బండి కాడికి పోవాలె సార్" అన్నాడు.

పన్నెండున్నరకు మల్లేశం అన్న ఇంటికి చేరాను. ఆ క్యాసెట్టు రికార్డయిన నిజామాబాద్ స్టూడియో అప్పట్లో ఆయనదే. క్యాసెట్ల కాలం పోయాక దాన్ని మూసేసి, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక సొంతింటికి వచ్చేశాడు. ఆయన భార్య సత్తవ్వ గడపలో చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. నాకు జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, మళ్లీ చాట దగ్గర కూర్చుంది.

పెట్టె ముందుగదిలో బల్ల మీద ఉంది. దాని నెత్తిన దసరానాటి పసుపు, కుంకుమ. మల్లేశం అన్న స్విచ్చి వేస్తే ఎర్రదీపం వెలిగింది. "మినిస్టర్లు గూడ వచ్చి సూసి పోయిండ్రు దీన్ని" అన్నాడు.

లోపల వాల్వులు, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు, ఎలా ఉన్నాయో చూస్తానని స్క్రూడ్రైవరు తీశాను. "గిప్పుడెందుకు తమ్మీ, ఛాయ్ తాగు" అన్నాడాయన. అప్పటికే మూత చేతికొచ్చింది. లోపల వాల్వులు లేవు. కరెంటు తీగ దీపం దాకా వచ్చి ఆగిపోయింది. పాట పోవాల్సిన తీగ ఒకవైపు లోపలికొచ్చి, దేన్నీ తాకకుండా మరోవైపు బయటికి పోయింది.

మల్లేశం అన్న వైపు చూశాను. గడపలోంచి సత్తవ్వే అంది, "గా పెట్టె ఎన్నడు నడ్వలే తమ్మీ. బొంబాయిల తుక్కు బజార్ల తెచ్చిండు."

"మరి క్యాసెట్లో ఆ డోలక్?"

మల్లేశం అన్న గడప వైపు చూపించాడు. "గామె చెయ్యి" అన్నాడు.

విషయం మెల్లగా బయటికొచ్చింది. రికార్డింగప్పుడు శబ్దం పెంచి తగ్గించే మీటల ముందు కూర్చున్నది సత్తవ్వే. ముందుగా పాటను మూడుసార్లు పాడించుకుని వినేది. డోలక్ మీద ఒక చెయ్యి, బేస్ మీద ఒక చెయ్యి.

"గట్టిగ కొట్టే ముందట డోలకాయన భుజం లేస్తది. గప్పుడే ఇంత దించాలె. కొట్టినంక దించితే ఏం ఫాయిదా?" అంది.

ఆడమనిషి చేతిలో పాట పెట్టడానికి అప్పట్లో రికార్డింగుకు వచ్చేవాళ్లకు నమ్మకం కుదరలేదట. దీపం వెలిగే పెట్టె వచ్చాక వెంటనే కుదిరిందట. "నీళ్లిచ్చెటందుకు కూసున్ననుకునెటోళ్లు" అంది, బీడీకి దారం చుడుతూ.

నేను చేసిన మిక్సింగు ఒకటి ఫోన్లో పెట్టి, హెడ్‌ఫోన్స్ ఆమెకిచ్చాను. కళ్లు మూసుకుని మొత్తం వింది. ఆమె బొటనవేలు చాట అంచు మీద ముందుకూ వెనక్కూ కదులుతూనే ఉంది. తీసేసి, "అన్ని దెబ్బలు ఒక్కతీరుగ చేసినవ్. మనిషి కొట్టినట్టు లేదు" అంది. పన్నెండేళ్లలో నా పని మీద వచ్చిన విమర్శల్లో నేను వాదించనిది ఇదొక్కటే.

"శనివారం మా స్టూడియోకి వస్తారా అక్కా?" అని అడిగాను.

"శనివారం కార్ఖానల బీడీలు ఇయ్యాలె. ఐతారమైతే వస్త. పాట ముందుగాల పంపు, వినకుంట నాతోని కాదు." హెడ్‌ఫోన్స్ నా చేతికిస్తూ, "అట్ట మీద నా పేరు రాస్తవా?" అంది.

రాస్తానన్నాను.

"పెట్టె బొమ్మ వద్దు."

మల్లేశం అన్న మూత బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "ఇంటికొచ్చినోళ్లకు గీ డబ్బానే సూపిచ్చిన. గామెను సూపియ్యలే." తర్వాత అడిగాడు, "నేను గూడ రావాల్నా?"

"రా. నీళ్లిచ్చెటందుకు ఒకలుండాలె గద" అంది సత్తవ్వ.

నాలుగున్నర బస్సుకు నిజామాబాద్, అక్కడి నుంచి సాయంత్రం రైలు. బోధన్‌కు పాత యంత్రం కోసం వెళ్లేవాళ్లు స్క్రూడ్రైవరు మర్చిపోవద్దు. గడపలో కూర్చున్నవాళ్లకు ముందు నమస్కారం పెట్టడం కూడా మర్చిపోవద్దు. నేను మర్చిపోయాను, ఆ సంగతి కామారెడ్డి దాటాక గుర్తొచ్చింది.

బృందంలో డోలక్ కుర్రాడికి ఫోన్ చేసి, రికార్డింగ్ ఆదివారానికి మార్చానని చెప్పాను.

"కంప్రెసర్ దొరికిందా అన్నా?"

"దొరికింది."

"చాలా పెద్దదా? స్టూడియోలో జాగా సరిపోతుందా?"

"రెండు కుర్చీలు పట్టేంత చాలు" అన్నాను.